మగ్గం వర్క్ పెట్టెతో సస్క్వెహానా ఫ్లైలు: ఇప్పటిదాకా ఎంత కుదిరిందంటే

ఈ సీజన్‌కి పెట్టుకున్న పని ఒక్కటే. సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేపలు నమ్మి నోట్లో పెట్టుకునే ఫ్లైని, అంటే హుక్‌కి ఈకలు, దారం కట్టి పురుగులా చేసే ఎరని, నా సొంత ఆలోచనతో కట్టాలి. హారిస్‌బర్గ్ చుట్టుపక్కల మనవాళ్లలో గాలం వేసేవాళ్లున్నారు కానీ ఫ్లైని చేత్తో కట్టుకునేవాళ్లు నాకింకా తగల్లేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మొదలుపెట్టింది వూలీ బగ్గర్‌తో. 1967లో రసెల్ బ్లెసింగ్ కట్టిన ఫ్లై ఇది, ఆయనదీ మా పెన్సిల్వేనియానే. హెల్‌గ్రమైట్ అనే నల్లటి నీటిపురుగులా కనిపించాలని కట్టాడు. మా నదిలో రాయి ఎత్తితే ఆ పురుగు కనబడుతుంది. వెనక భాగమంతా కణుపులు కణుపులుగా, కాళ్లన్నీ ముందు వైపే. మామూలు బగ్గర్‌లో ఈకని ఒంటి పొడవునా చుడతారు కాబట్టి ఈ తేడా తెలియదు. నా మార్పు అక్కడే మొదలైంది.

మా ఆవిడ మగ్గం వర్క్ పెట్టెలో రాగి రంగు జర్దోసీ దొరికింది. సన్నటి తీగని స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లోపల బోలు. హుక్‌కి ఎక్కిస్తే అచ్చం ఆ కణుపులే!

కట్టే వరస ఇదీ. 6వ నంబర్ పొడుగు కాడ హుక్ తీసుకుని మొన దగ్గరి ఎదురుముల్లుని ప్లయర్‌తో నొక్కేయాలి, లేకపోతే జర్దోసీ అక్కడే చిక్కుకుంటుంది. కాడలో సగానికి సరిపడా ముక్క కత్తిరించి, మొన వైపు నుంచి ఎక్కించి, కన్ను దాకా, అంటే గాలం దారం కట్టే రంధ్రం దాకా జరపాలి. అప్పుడు వంపు దగ్గర తోక కట్టి, ముడేసి, దారం తెంపేయాలి. జర్దోసీని వెనక్కి జరిపి తోక ముడి మీదికి తెచ్చాక, దాని ముందు మళ్లీ దారం మొదలుపెట్టి గట్టిగా బిగించాలి. మిగిలిన సగంలో నల్ల షెనీల్ అనే నూగు దారం, దాని మీద కోడిపుంజు మెడ ఈక నాలుగైదు చుట్లు. కన్ను వెనక కాస్త ఖాళీ వదలండి, తల ముడికి చోటు కావాలి. జర్దోసీని మాత్రం లాగొద్దు. ఒకసారి సాగితే మళ్లీ దగ్గరికి రాదు.

తోకకి మారబూ, అంటే టర్కీ కోడి నూగు ఈక. పొడవు హుక్ కాడంత చాలు. ఎక్కువైతే కత్తెర పెట్టకండి, వేళ్లతో గిల్లేయండి. కత్తిరించిన అంచు మొద్దుగా ఉండి నీళ్లలో కదలదు. పొడిగా ఉన్నప్పుడు ఎంత గుబురుగా కనిపించినా తడిస్తే సగమవుతుంది. అందుకే ప్రతి కొత్త ఫ్లైనీ పొడుగాటి గాజు జాడీలో ముంచి, దారంతో పైకీ కిందికీ ఆడించి చూస్తాను. కట్టేటప్పుడు హుక్‌ని పట్టి ఉంచే వైస్ మీద అందంగా ఉండి జాడీలో బిగుసుకుపోయేవి పక్కన పెట్టేస్తాను. కొత్తగా ఏం వాడాలన్నా నేను ముందు చూసేది కదలికనే, రంగు ఆ తర్వాతే.

జరీ దారం కూడా వాడి చూశాను, ఈక ఊడకుండా దాని మీద అడ్డంగా చుట్టే రాగి తీగ బదులు. మెరుపు బాగుంది, కానీ ఇప్పటి జరీలో ఎక్కువగా ఉండేది ప్లాస్టిక్ పొర. బాస్ నోట్లో నలిగితే ఊడిపోతుంది. రెండు పేటలు మెలేసి పైన పల్చగా యూవీ రెజిన్ (యూవీ లైటు తగిలితే గట్టిపడే జిగురు) రాస్తే నిలుస్తోంది.

ఇండియా నుంచి ఈకలు మాత్రం తేవద్దు. నెమలి ఈకల ఎగుమతి అక్కడ నిషేధం, ఇక్కడ పక్షి ఈకల దిగుమతికీ ఆంక్షలున్నాయి. అవసరమూ లేదు. ఫ్లై సామాను షాపుల్లో ఇండియన్ నెక్ పేరుతో మన దేశపు పుంజుల మెడ ఈకలే తోలుతో సహా అమ్ముతారు, ధర కూడా తక్కువే.

నదిలో ఫలితం సంతోషంగా ఉంది. ఉరవడి తగ్గి నీళ్లు లోతయ్యే చోట, లాగకుండా అడుగున కొట్టుకుపోనిస్తే బాస్ పడుతున్నాయి. ఇక్కడ వాటిని వెంటనే వదిలేయాలన్నది నియమం. ముల్లు నొక్కేసిన హుక్ కాబట్టి చిటికెలో ఊడొస్తుంది. జర్దోసీ తడిసి తడిసి నల్లబడుతోంది, ఈ పురుగు రంగుకి అదే మేలు.

తర్వాత క్రేఫిష్, అంటే డెక్కలుండే మంచినీటి రొయ్యలాంటి జీవి, ఆ రూపంలో ఫ్లై కట్టాలి. కళ్లకి మగ్గం పూసలు, ఒంటికి ముదురు నారింజ షెనీల్ తీసిపెట్టాను. డెక్కలకి ఏది వాడాలో ఇంకా జాడీలో చూస్తున్నాను.