కపా దుప్పటి: కుట్టు దాకా వచ్చిన పని

హవాయిలోని ఓఆహు దీవిలో, మా పెరట్లో పెంచిన వౌకె (కాగితపు మల్బరీ) మొక్కల బెరడు నారతో మొదలుపెట్టిన చిన్న కపా (నేయకుండా, నారను కొట్టి పరచి చేసే బట్ట) దుప్పటి ఈ నెల కుట్టు దాకా వచ్చింది. ‘కపా మోయె’ అనే సంప్రదాయ దుప్పటిలో సాధారణంగా నాలుగు తెల్లని పొరలు, వాటిపైన రంగులద్దిన ‘కిలోహానా’ అనే పై పొర ఉంటాయి. అన్నింటినీ ఒక్క అంచు వెంటే కుడతారు కనుక, చలిని బట్టి కావలసినన్ని పొరలను పక్కకు తిప్పివేసుకోవచ్చు. నాది 40 సెంటీమీటర్ల చదరం, మూడే పొరలు.

కాండంపై వచ్చే పక్క చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లివేయకపోతే, ఆ కణుపు ఉన్నచోట నారకు కన్నం పడి, కొట్టేకొద్దీ పెద్దదవుతుంది. మొదటి కోతలో గిల్లడం మరిచిపోయాను, ఆ నారను అడుగు పొరకు వాడుకున్నాను. పైబెరడు గీకిన నారను వారం రోజులు సముద్రపు నీటిలో నానబెట్టి, రాతి దిమ్మపై గుండ్రని కొయ్యతో ఒకసారి కొట్టి ఆరబెట్టాను. తరువాత మళ్ళీ తడిపి, పది రోజులు మూసి మురగనిచ్చి, చెక్క దిమ్మపై ‘ఇయె కుకు’ అనే నాలుగు పలకల కొయ్యతో పలుచగా సాగగొట్టాను. మురిగిన నార వాసన ఇంట్లోవాళ్ళకు నచ్చలేదు గానీ, నాలుగు వేళ్ళ వెడల్పు పీలిక జానెడు దాటి సాగింది ఆ మురుగుడు వల్లనే.

అసలు చిక్కు కుట్టులో వచ్చింది. మామూలు సూదితో, నూలు బట్టను కుట్టినట్టే అర సెంటీమీటరు ఎడంతో కుట్టి దారం లాగగానే, అంచు తపాలా బిళ్ళల వరుసలా తెగి చేతికి వచ్చింది. నేసిన బట్టలో పోగులు సూదికి తప్పుకొని మళ్ళీ దగ్గరకు చేరతాయి. కొట్టి పరచిన నారలో నేత లేదు, పడిన కన్నం పూడదు. రెండోసారి అంచును తడిపి రెండు మడతలు వేసి, చెప్పులు కుట్టే ఆరెలాంటి ఎముక ముల్లుతో 2.5 సెంటీమీటర్ల ఎడంతో ముందే కన్నాలు పొడిచాను. దారం కూడా కపాదే: వేలెడు వెడల్పు పీలికను తడిపి, దీపానికి వత్తి చేసినట్టు తొడమీద పేనితే సరిపోయింది. ముడి వేయకుండా కొసను మడతలోకి దూర్చాను, ముడి ఉన్నచోట పొర ఒరుసుకుపోతుంది.

అయితే అంచు తడపడం వల్ల, అప్పటికే వెదురు అచ్చుతో అద్దిన ‘ఓలెనా’ రంగు రెండు వేళ్ళ మేర పాకింది. ఓలెనా అంటే మన పసుపే. పక్కనున్న ఎరుపు మాత్రం కదలలేదు. అది నోని చెట్టు వేరు పట్టనుంచి వచ్చే పసుపు రంగులో, కాల్చిన పగడపు రాతి సున్నం కలిపి ఎరుపుగా మార్చినది. పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం చూసినవారికి ఆ రంగు మారడం కొత్తగా అనిపించదు.

పాకిన పొరను అడుగుకు మార్చి, కొత్త కిలోహానా కొడుతున్నాను. ఈసారి కుట్టు పడే అంచున 5 సెంటీమీటర్లు రంగు వేయకుండా వదిలి, కుట్టు ఆరిన తరువాతే అచ్చు వేస్తాను.