ఏమీ సిద్ధం చేసుకోని వారి వంతు

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఆఫీసులు, బడులు, బ్యాంకులు, ఆసుపత్రులు అన్నిట్లోనూ ఒకటే మాట: "మన సెమీ క్రిస్మస్ ఎప్పుడండీ?" భీమవరం కానివ్వండి, అమలాపురం కానివ్వండి, పాలకొల్లు కానివ్వండి, ఇరవై నాలుగు రాత్రి నుంచి ఎవరి సంఘంలో వాళ్లుంటారు. కాబట్టి తోటి ఉద్యోగులతో, స్నేహితులతో చేసుకునే పండుగ దానికి ముందే జరిగిపోవాలి. ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లకు చందాలు, కేకు ఆర్డరు, వంటవాళ్లతో బేరం, స్టారు కట్టించడం, పాస్టరు గారిని పిలవడం, అన్నీ కలిసి పెద్ద టెన్షన్. ఈసారి ఆ పనులు మొదలుపెట్టే ముందు ఒక వాక్యం దగ్గర కాసేపు కూర్చోమని నా మనవి. క్రిస్మస్ రోజుల్లో మనం సాధారణంగా తెరిచే పేజీ కాదది. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం, 10వ వచనం.

"పదండి, క్రొవ్విన మాంసము భక్షించుడి, మధురమైన దాని పానము చేయుడి, ఇదివరకు తమకొరకు ఏమియు సిద్ధము చేసికొనని వారికి వంతులు పంపించుడి."

బబులోను చెర నుంచి తిరిగివచ్చిన జనంతో అన్న మాట ఇది. యెరూషలేము గోడ 52 రోజుల్లో కట్టి నిలబెట్టారు. ఏడవ నెల మొదటి రోజున నీటి గుమ్మం ఎదుటి మైదానంలో అందరూ చేరారు. ధర్మశాస్త్ర గ్రంథం తెమ్మని యాజకుడైన ఎజ్రాను వాళ్లే అడిగారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆయన చదువుతుంటే వింటూ ఏడ్చారు. ఏడవకండి, ఇది దేవునికి ప్రతిష్ఠితమైన రోజు, వెళ్లి పండుగ చేసుకోండి అన్నారు వాళ్లతో. చేసుకోండి అని ఊరుకోలేదు. వండుకోలేనివాళ్లకు పంపమని కూడా అక్కడే చెప్పారు. తినడం, పంపడం రెండూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి.

ఆ వండుకోలేనివాళ్లు ఎవరో తెలియాలంటే మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్లాలి. అయిదో అధ్యాయంలో వాళ్ల ఏడుపు వినిపిస్తుంది. కరువు వచ్చి ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టినవాళ్లు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేసినవాళ్లు. కన్నపిల్లల్ని దాస్యానికి పంపినవాళ్లు. పండుగకు సిద్ధం కాకపోవడం వాళ్ల బద్ధకం కాదు, వాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు.

ఈ మాట మన డెల్టాలో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. డిసెంబరు అంటే మనకు సార్వా కోతలు, నూర్పిళ్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ పనల మీదున్న చేలు, కళ్లాల్లోని రాశులు తడిసిపోయాయి. సొంత పొలమున్నవాళ్లకు పంట ఒక్కటే పోతుంది. కౌలుకి చేసినవాళ్లకు పంట పోతుంది, కౌలూ నెత్తిన ఉంటుంది. మా అమ్మయితే 1996 క్రిస్మస్ గురించి ఇప్పటికీ చెబుతుంది. నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలకు వరసలు కూలిపోయాయి. ఆ పండక్కి మా వీధిలో ఎవరూ అరిసెల పాకం పట్టలేదట. సంఘంలో అన్నం, పప్పుచారు వండి, నడవలేనివాళ్ల ఇళ్లకు ముందు గిన్నెల్లో పంపించి, ఆ తర్వాతే మిగతావాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారట. నేను విన్న ప్రేమవిందులన్నిట్లోకీ అదే గొప్పదని నా నమ్మకం.

అందుకే పార్టీ ప్లాన్‌లో మొదట రాయాల్సింది మెనూ కాదు. ఈ ఏడు మన మధ్య ఏమీ సిద్ధం చేసుకోలేని స్థితిలో ఎవరున్నారో ఆ పేర్లు ముందు రాయాలి. ఆ కాగితం దగ్గరుంటే చందాల సంగతి దానంతటదే తేలుతుంది. పొలం కౌలుకి చేసి నష్టపోయిన కుటుంబం నుంచి వచ్చే అటెండరు గారి దగ్గర, కాంట్రాక్టు మీద పనిచేస్తూ జీతం ఆలస్యమైన కుర్రాడి దగ్గర మిగతా అందరితో సమానంగా వసూలు చేస్తామా? తలకింత అని అడిగితే వాళ్లు లేదనరు. ఎక్కడో అప్పు తెచ్చి ఇస్తారు. అదీ బాధ. ఒక మూతపెట్టిన డబ్బా పెట్టి, ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వగలిగినంత వేయండి అంటే సరిపోతుంది. ఎవరు ఎంతిచ్చారో రాసి గోడకు అంటించే పద్ధతి మాత్రం పూర్తిగా మానేయాలి. వచ్చినంతలోనే పండుగ. కేకు ఒక కిలో తగ్గితే యేసు ప్రభువు పుట్టుకకు ఏ లోటూ రాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. లూకా 14వ అధ్యాయంలో ప్రభువే కదా, విందు చేసేటప్పుడు స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని పిలవవద్దు, వాళ్లు నిన్ను తిరిగి పిలుస్తారు అన్నది! బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలవమన్నాడు. మరి తోటి ఉద్యోగుల కోసం పార్టీ పెట్టుకోవడం ఆ మాటకు ఎదురు కాదా? ఆ మాట ఆయన ఎక్కడ అన్నాడో చూడండి. ఒక పరిసయ్యుల పెద్ద ఇంట్లో భోజనానికి కూర్చుని, పిలిచిన ఆ పెద్దాయనతోనే అన్నాడు. అక్కడ అతిథులు ముందు వరస పీఠాల కోసం చూసుకుంటున్నారు. విందంతా ఇచ్చిపుచ్చుకునే లెక్కగా మారింది. మన పార్టీల్లోనూ ఆ లెక్క లేదని చెప్పగలమా? పై ఆఫీసరు వస్తున్నాడని మెనూ మారడం, ఆయన కోసం ముందు వరసలో సోఫా, ప్రమోషన్ ఇచ్చే చేతికి పెద్ద గిఫ్టు. స్నేహితులతో కలిసి తినడం ప్రభువు ఎప్పుడూ తప్పుపట్టలేదు, కానా పెళ్లికి ఆయనే వెళ్లాడు. తిరిగి ఏమొస్తుందో చూసుకుని వడ్డించడాన్ని తప్పుపట్టాడు. కాబట్టి అందరూ ఒకే రకం కుర్చీల్లో కూర్చుంటే, అందరికీ ఒకే వంట వడ్డిస్తే, ఇవ్వలేనివాళ్లకు వంతు ముందు వెళ్తే, ఆఫీసు పార్టీలో కూడా ఆ వాక్యాన్ని నిలబెట్టుకోవచ్చు.

డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, దుఃఖం కూడా మనిషిని పండుగకు సిద్ధం కానివ్వదు. మైదానంలో ఏడ్చిన ఆ జనానికి "దుఃఖపడకుడి" అన్న మాట ధైర్యమిచ్చింది. కానీ అదే మాట పట్టుకుని, ఈ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరకు వెళ్లి "వచ్చి నవ్వండి" అనడం సరికాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మా ఆఫీసులో ఒక అక్కకు పోయిన ఏడాది శ్రావణంలో భర్త పోయారు. హిందూ కుటుంబం, ఏడాది పాటు పండుగలు లేవు, ఇంట్లో పొయ్యి మీద మూకుడు పెట్టరు. అలాంటి ఇంటికి పిండివంటలు చుట్టుపక్కలవాళ్లే తెచ్చిపెట్టడం మన వైపు ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. నెహెమ్యాలోని మాటను ఆ పేరు తెలియకుండానే మన ఊళ్లు పాటిస్తున్నాయన్నమాట. సెమీ క్రిస్మస్‌కి తాను రానని ఆవిడ ముందే చెప్పారు. ఎవరూ బలవంతం చేయలేదు. కేకు కోయక ముందే స్టీలు క్యారేజీ నింపి ఇద్దరం ఆవిడ ఇంటికి బయలుదేరాం.

అడుగు గిన్నెలో అన్నం, దాని మీద ఆవపెట్టిన అరటికాయ కూర, ఆపైన పులిహోర, అన్నిటికన్నా పైన అరిసెలు. ఆవిడ పులిహోర గిన్నె మూత తీసి వాసన చూసి, "మా ఆయనకి ఇందులో ఇంగువ బాగా పడాలండి, లేపోతే ముట్టేవారు కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో మొదలై ఆయన గురించి చాలాసేపు చెప్పారు. ధాన్యం తూకానికి వెళ్లి రాత్రి ఎంతకీ రాకపోవడం, చివరి రోజుల్లో ఆసుపత్రిలో మంచం పక్క నుంచి లేవనివ్వకపోవడం. మేము విన్నాం. వాక్యం చెప్పలేదు, ఓదార్పు మాటలేవీ కూర్చుకుని వెళ్లలేదు. వచ్చేటప్పుడు ఖాళీ గిన్నెలు పంపకూడదని ఆవిడ పెరట్లో కరివేపాకు రెండు రెబ్బలు తుంచి క్యారేజీలో వేశారు. అది ప్రత్యుపకారం అనుకోవద్దు. తాను ఇంకా మన మనిషేనని ఆవిడ చెప్పిన తీరు అది.

వంటల దగ్గర కూడా ఇదే చూపు ఉండాలి. డిసెంబరులో మన ఆఫీసుల్లో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు ఉంటారు, ధనుర్మాసం నియమాలున్నవాళ్లు ఉంటారు, హలాల్ చూసుకునే ముస్లిం సోదరులు ఉంటారు. భోజనం వల్ల నా సహోదరునికి అభ్యంతరం కలిగితే ఎన్నటికీ మాంసం తినను అన్నాడు పౌలు కొరింథీయులకు రాస్తూ. అంత తీవ్రంగా మనం వెళ్లక్కర్లేదు, ఆ మనసు ఉంటే చాలు. శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో వండించాలి. మిగిలిపోయిన సాంబారు వాళ్ల కోసం పక్కన పెట్టడం కాదు, వాళ్ల వంట కూడా అంత శ్రద్ధగా ఉండాలి. కేకుల్లో ఒకటి గుడ్డు లేనిది చెప్పాలి. మాంసం ఎక్కడ కోయించారో అడగకముందే చెప్పాలి. బయట వండింది తినని స్వాములకు రావులపాలెం మార్కెట్ చక్కెరకేళీలు, అక్కడికక్కడ చెక్కిన కొబ్బరిబొండం. అరటిపండు తొక్క తీసుకునేది వాళ్లే, బొండంలో ఎవరి చెయ్యీ పడదు. స్వాములు కూడా అందరితో పాటే కూర్చుంటారు. మందు సీసాల మాట ఎవరైనా ఎత్తితే మొహమాటం లేకుండా వద్దనాలి, ఈ విషయంలో నేను రాజీ పడను.

కార్యక్రమం గురించి ఒక్కటే చెబుతాను. నీటి గుమ్మం దగ్గర గ్రంథం తెమ్మని జనం అడిగారు, అందుకే అంతసేపు నిలబడి విన్నారు. మన పార్టీకి వచ్చేవాళ్లు మనం పిలిస్తే స్నేహంతో వస్తున్నారు. వాళ్లను ఆకలితో కూర్చోబెట్టి గంటసేపు ప్రసంగం వినిపించడం సువార్తకు మేలు చేయదు. లూకా 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు చాలు. ఎవరైనా స్పష్టంగా, తొందర లేకుండా చదివితే చాలు. సత్రంలో చోటు లేకపోవడం, పశువుల తొట్టి, పొత్తిగుడ్డలు, ఇవి వేరే వ్యాఖ్యానం లేకుండానే ఎవరికైనా అర్థమవుతాయి. పాస్టరు గారు పది నిమిషాలు మాట్లాడి ప్రార్థన చేస్తే, ఇంకా వినాలనుకునేవాళ్లు తర్వాత ఆయన పక్కన కూర్చుని వాళ్లే అడుగుతారు.

చీటీలు తీసి బహుమతులు ఇచ్చుకునే చోట 200 రూపాయలు దాటకూడదని ముందే అనుకోవడం మంచిది. ఆ డబ్బుతో ఎక్కడో తయారైన ప్లాస్టిక్ బొమ్మ కొనే బదులు నర్సాపురం లేసు అల్లిక చిన్నది కొనండి. 1836లో సువార్తతో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు తర్వాత ఈ డెల్టాలో పాలకొల్లు, నర్సాపురాల్లో స్థిరపడ్డారు. ఆ తర్వాత మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి ఆడవాళ్లకు ఈ క్రోషియా అల్లిక నేర్పారు. ఈ రోజుకీ నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లుతున్నారు, కూలి మాత్రం చాలా తక్కువ. దళారుల దగ్గర కాకుండా అల్లే ఇంటికే వెళ్లి బేరమాడకుండా కొంటే, మీ బహుమతి ఇద్దరికి అందినట్టు.

ఇక టైము. రాత్రి భోజనం గొప్పగా ఉంటుందని చాలామంది అంటారు, నేను మధ్యాహ్నమే పెట్టమంటాను. నర్సాపురం రేవు దాటి సఖినేటిపల్లి వైపు వెళ్లేవాళ్లు పంటు కోసం చూసుకోవాలి, లంక గ్రామాల ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. సీరియల్ లైట్లు పగటిపూట కనిపించకపోతే పోయె. మధ్యాహ్నం పెట్టినా ఆ పూట రాలేనివాళ్లు కొందరు ఉండనే ఉంటారు. రాత్రి కాపలాకి వచ్చే వాచ్‌మన్, నైట్ డ్యూటీ నర్సమ్మ, సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. రక్షకుడు పుట్టాడన్న కబురు మొదట అందింది పొలంలో రాత్రివేళ మందను కాచుకుంటున్న కాపరులకే. వాళ్లదీ నైట్ డ్యూటీయే.

వీళ్లకు పంపేది పొద్దుపోయాక గిన్నెల అడుగున మిగిలింది కాకూడదు. వంట దిగగానే ముందు వాళ్ల క్యారేజీలు నింపి, పేర్లు రాసి పక్కన పెట్టాలి. ఎవరు ఎవరికి తీసుకెళ్తారో కూడా ముందే రాసుకోవాలి, లేకపోతే పార్టీ సందడిలో అందరూ ఇంకొకరు వెళ్లారనుకుంటారు. మా దగ్గర ఈసారి ఆ పని మా మేనేజరు గారు తానే అడిగి తీసుకున్నారు. లిస్టులో ఇప్పటికి కాపలా తాత, మోకాలి ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న రిటైర్డ్ మాస్టారు, కాలవ గట్టు మీద గుడారం వేసుకున్న వరి కోతల కుటుంబాలు ఉన్నారు. కోతలవాళ్లు ఎంతమందో రేపు వెళ్లి కనుక్కుని రావాలి, వంటవాళ్లకు బియ్యం లెక్క అప్పుడే చెబుతాం.