రీస్ క్రీక్ దాటితే

అందరి అమ్మానాన్నలూ అమెరికాకి మే నెలలో వస్తారు. మా నాన్న మాత్రం మంచు చూడాలని పట్టుబట్టి జనవరిలో దిగాడు. అలా 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నుంచి మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్‌కి విమానంలో వెళ్లి, అక్కడ అద్దెకారు తీసుకుని, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ చేరాం. చలికాలంలో ఆ పార్కులోకి కారు పోయే ద్వారం అదొక్కటే. అమ్మ రాలేదు. "ఫ్రిజ్‌లో కూర్చోడానికి అంత దూరం ఎందుకే" అంది.

నాన్న రంపచోడవరం వైపు అటవీశాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. పాపికొండల్లో అడవిదున్నల లెక్కకి తిరిగిన మనిషి. పార్కు మొదట్లో ఉండే రాతి కమాను రూజ్‌వెల్ట్ ఆర్చ్ ముందు మైదానంలో బైసన్ల మంద కనబడగానే నేను ఫోను తీశాను, ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"ఇవి మన దున్నలు కావమ్మా. మనవాటి కాళ్లకి తెల్ల మేజోళ్లుంటాయి, ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. వీటికి గొంగళి కప్పినట్టుంది."

దగ్గర్లో ఉన్న ఆడదాన్ని చాలాసేపు చూశాం. గడ్డి కోసం అది కాళ్లతో తవ్వదు. తలనే పారలా పట్టి అటొకసారి ఇటొకసారి మంచుని చిమ్ముతుంది. ముఖం నిండా మంచు గడ్డలు కట్టేశాయి. అంత కష్టపడితే అడుగున దొరికింది నాలుగు ఎండు పరకలు. నమిలి, మళ్లీ ఒకడుగు ముందుకి. పార్కులో దానికి 23 మీటర్ల లోపలికి పోకూడదని రూలు.

మర్నాడు ఆర్చ్ పక్క నుంచి వాయవ్యంగా పోయే పాత మట్టిరోడ్డు పట్టాం. కొద్ది మైళ్లకి రీస్ క్రీక్ అనే చిన్న వాగు వస్తుంది. పార్కు హద్దు అది. దాటితే బీటీ గల్చ్, నేషనల్ ఫారెస్టు భూమి. ఇవతల 23 మీటర్ల మర్యాద, అవతల తుపాకీ. మంద అప్పుడు వాగుకి ఇవతలే ఉంది. నాన్న లెక్కపెట్టి చెప్పాడు, నలభై మూడు.

అవతల పొలంలో ముందు కనిపించింది బొంతకాకులు. అవి వాలిన చోటల్లా మంచు మీద పేగుల కుప్పలు. చూస్తూ నడిపానేమో, ఎదురొచ్చిన ట్రక్కుకి దారివ్వబోయి కుడి చక్రాలు రెండూ గుంటలో దింపాను. ఆ ట్రక్కాయనే దిగి, పట్టా కట్టి బయటికి లాగాడు. ఆయన అమెరికా ఆదివాసుల్లో నెజ్ పెర్స్ తెగవాడు. ఐడహో నుంచి రాత్రంతా బండి నడిపి, పొద్దున్నే కుటుంబంతో ఒక ఆడబైసన్‌ని కొట్టారట. దాన్ని కోస్తున్న చోటుకి వెళ్దామన్నాడు నాన్న. ట్రక్కాయన రమ్మన్నాడు.

దాన్ని పొట్ట మీద బోర్లా పెట్టి, వెన్ను మీదుగా తోలు చీల్చి, రెండు పక్కలకీ దుప్పటిలా పరిచారు. మాంసానికి మంచు అంటకుండా ఆ తోలు మీదే ముక్కలు పేరుస్తున్నారు. పదిహేనేళ్ల పిల్లాడు తొడ ఎత్తి పట్టుకుంటే వాళ్లత్త కీలు దగ్గర కత్తి తిప్పుతోంది. కార్జం విడిగా సంచిలో పెట్టారు, నాయనమ్మకట. వేటకి రాలేని ముసలివాళ్లకీ, మగదిక్కు లేని ఇళ్లకీ మాంసం ముందు వెళ్తుందట, తర్వాతే తమకి.

నేను తెలుగులో చెబితే నాన్న, "ఓహో, పోగులేస్తారన్నమాట" అన్నాడు.

ఈ వేట వెనక కథ పొడుగు. 1902 నాటికి దొంగవేటల వల్ల ఈ పార్కులో మిగిలినవి రెండు డజన్లు. నేను వెళ్లిన చలికాలానికి దాదాపు ఆరువేలు. ఏటా నూటికి పది, పదిహేను పెరుగుతాయి. మంచు దట్టంగా కురిసిన ఏడు పైన గడ్డి అందక కిందికి దిగుతాయి. కింద మోంటానా పశువుల రైతులున్నారు. వాళ్ల భయం బ్రూసెల్లోసిస్, చూలు పశువులు ఈసుకుపోయే రోగం. అసలు బైసన్లకి ఆ రోగం అంటించింది ఊరి పశువులే. అడవిలో బైసన్ నుంచి పశువుకి తిరిగి అంటినట్టు రుజువైన కేసు ఒక్కటీ లేదు. అయినా హద్దు దాటి ఎక్కువ దూరం పోనివ్వరు.

1985లో రాష్ట్రం వేటకి లైసెన్సులిచ్చినప్పుడు, వేటని చూసే ప్రభుత్వ అధికారులు, వార్డెన్లే వేటగాళ్లని బైసన్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించేవారు. టీవీల్లో చూసి జనం ఛీకొట్టారు, 1991లో ఆపేశారు. మళ్లీ 2005లో మొదలైంది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 నాటి ఒప్పందాల హక్కుతో తెగలు కూడా వచ్చాయి. ఎవరి తెగ నిబంధనలు వాళ్లవి, ఎవరి వార్డెన్లు వాళ్లవి. పార్కులోనే పట్టి కబేళాకి లారీల్లో పంపేవి వేరే. దానికంటే ఇదే నయమని ట్రక్కాయన అన్నాడు. నాకూ అదే అనిపించింది.

కానీ నియంత్రణ అంటారే, అది చేసేది ముక్కాలు వంతు మంచే. తక్కువ కురిస్తే మంద బయటికే రాదు, వేటగాళ్లు ఉత్తచేతులతో పోతారు. ఎక్కువ కురిస్తే అన్నీ ఈ ఒక్క ఇరుకులోంచే రావాలి. ఆ చలికాలం వేటలోనే వెయ్యికి పైగా పోయాయి. నాన్న ఆ పొలం కొలతలు కంటితోనే తీసి, "సంత గేటు దగ్గర ఆశీలు వసూలు చేసినట్టుంది. మందని పలచన చేయాలంటే చోటు విశాలంగా ఉండాలి కదా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. గార్డినర్ దీపాలు కనబడ్డాక అన్నాడు. "ఒకసారి దుప్పి కాలు దొరికిందని కొండరెడ్ల కుర్రాడి మీద కేసు రాశాను. వాళ్ల ఇంట్లో పెళ్లి."

"రూలు కదా నాన్నా."

"రూలే."

విమానం మధ్యాహ్నం. పొద్దున ఇంకోసారి రీస్ క్రీక్ దాకా పోదామన్నాడు. మంద వాగుకి ఇవతలే ఉంది, మంచు చిమ్ముకుంటూ. నాన్న అద్దం దించి లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది.

"రాత్రి ఎటైనా విడిపోయి ఉంటాయిలే" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి, మఫ్లరుతో తుడుచుకుని, మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాడు.