చార్టు మీద మొదటి లైను

పదకొండున్నర అయింది. అందరూ పడుకున్నారు. నాకే నిద్ర రావట్లేదు, అదీ ఒక చార్టు వల్ల.

చిన్నదానికి బళ్ళో మహిళా నేతల ప్రాజెక్టు ఇచ్చారు. దీని వంతుకి ఈశ్వరీబాయి వచ్చింది. ఇచ్చిన కాగితంలో గళ్ళు ఇవీ: పేరు, తండ్రి పేరు, భర్త పేరు, పిల్లలు. చేసిన పనులకి అట్టడుగున రెండు లైన్ల జాగా. అక్కడే నాకు మండింది. ఇంతలో ఇది నీలం స్కెచ్‌తో "మాజీ మంత్రి గీతారెడ్డి గారి తల్లి" అని మొదలుపెట్టేసింది. వైట్‌నర్ పెట్టి చెరిపించాను.

లేకపోతే ఏంటి? ఈశ్వరీబాయి సికింద్రాబాద్ చిలకలగూడ మనిషి. చిన్నప్పుడే పెళ్ళి, తర్వాత టీచరు ఉద్యోగం, కూతుర్ని పెంచుకోవడం, 1951లో మున్సిపాలిటీకి గెలవడం. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నియోజకవర్గంలో అసెంబ్లీకి నిలబడి ఎవర్ని ఓడించింది? అప్పటికే డిప్యూటీ స్పీకరుగా, మంత్రిగా చేసిన సదాలక్ష్మిని. 1972లో మళ్ళీ గెలిచింది. కూతురు గజ్వేల్లో గెలిచింది 1989లో. అప్పటికి తల్లి అసెంబ్లీ వదిలి పదేళ్ళు దాటింది.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్తే మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఎవరి తాలూకో చెప్తేనే కదా జనం గుర్తుపడతారు" అన్నారు. ఇక చూస్కోండి.

మా పెద్దమ్మ లేడీస్ రిజర్వేషన్‌లో సర్పంచ్ అయింది. ఫ్లెక్సీ మీద పెద్దనాన్న ఫోటోనే పెద్దది. పంచాయతీ కాగితాలన్నీ ఆయన చేతికే వచ్చేవి, ఆమె వంటింట్లో పిండి చేతులు తుడుచుకుని సంతకం పెట్టేది. ఒకసారి వీధి లైట్ల బిల్లొచ్చింది, ఇరవై రెండు బల్బులని. "లెక్కపెట్టొచ్చి పెడ్త" అంది. ఆ రాత్రి టార్చి పట్టుకుని బయల్దేరింది, వెనక నేను. కుక్కలు మొరుగుతున్నాయి, ఒక్కో స్తంభం దగ్గర ఆగి వేళ్ళు మడుస్తోంది. పద్నాలుగే ఉన్నాయి. సంతకం పెట్టలేదు. పెద్దనాన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడోరోజు ఎనిమిది బల్బులు వచ్చాయి. ఊళ్ళో మాత్రం "సర్పంచ్ సాబ్ ఏపిచ్చిండు" అన్నారు, పెద్దనాన్నని.

నిజం చెప్పాలంటే పెద్దమ్మ గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు నేనూ "మా పెద్దనాన్న సర్పంచ్‌గా ఉన్నప్పుడు" అనేస్తాను. మొన్న తోడికోడలితో కూడా అలాగే అన్నాను.

గిన్నెలు సర్దుతుంటే ఇంకోటి తట్టింది. ఈశ్వరీబాయి చిలకలగూడలో బడి పెట్టింది కదా, దాని పేరు గీతా విద్యాలయం. కూతురి పేరు బోర్డు మీదికి ఎక్కించింది ఆవిడే! అలాంటప్పుడు "గీతారెడ్డి గారి తల్లి" అంటే ఆవిడకి అంత కష్టంగా ఉండేదా? ఏమో. నా కోపం ఆ గళ్ళ మీద. పడింది పిల్ల మీద. మూతి ముడుచుకునే పడుకుంది.

పోనీ, ఆ లైను రెండోదిగా రాసుకోమందామంటే మొదటి లైను జాగాలో వైట్‌నర్ ముద్దగా ఎండిపోయింది, నీలం ఇంకా కనిపిస్తూనే ఉంది. కొత్త చార్టు కొనాలి. స్టేషనరీ షాపువాడు తొమ్మిదింటికి గానీ తియ్యడు. బస్సేమో ఏడూ ఇరవైకి.