కాకతీయుల గుళ్లకు తెలుగు పేజీలు: నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్ పని ఎంతవరకు వచ్చింది

హనుమకొండలో ఇల్లుంటే వచ్చిన చుట్టాలకు ఊరు చూపించడం తప్పదు. అందరూ అడిగేవే అడుగుతారు: వేయి స్తంభాల గుడి ఎవరు కట్టించారు, రామప్ప ఎంత దూరం, కోటలో చూడాల్సినవి ఏంటి. ఇవన్నీ తెలుగులో రాసి, ఫోన్లో తెరుచుకునే చిన్న చిన్న పేజీలుగా చేద్దామని దసరా సెలవుల్లో మొదలుపెట్టా. కోడింగ్ చదువుకున్నవాణ్ని కాదు. రెడీమేడ్ టెంప్లేట్ల జోలికి పోకుండా, ఉత్త హెచ్‌టీఎంఎల్‌తో (వెబ్ పేజీలు రాసే గుర్తుల భాష) ఎంత పని అవుతుందో చూడాలని సరదా. తీరా దిగాక తెలిసింది, ట్యాగులు (ఏది శీర్షిక, ఏది పేరా అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తులు) నేర్చుకోవడం పెద్ద పనేం కాదు. తెలుగు లిపికి కావాల్సినవేంటో ఇంగ్లీషు పాఠాల్లో ఎవరూ చెప్పరు, అసలు పని అక్కడే ఉంది.

దసరా సెలవులు: ట్యాగులు

ట్యాగుల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ ఫైల్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, అటూ ఇటూ కోణం గుర్తులతో. మూసే ట్యాగులో పేరుకు ముందు ఒక వాలుగీత. ఒకదాని లోపల ఒకటి తెరిస్తే, చివర తెరిచినదాన్ని ముందు మూయాలి.

నాకు రోజూ పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేరాకు పి, శీర్షికకు హెచ్1 నుంచి హెచ్6 దాకా, జాబితాకు యూఎల్, అందులో ఒక్కో అంశానికి ఎల్ఐ, లింకుకు ఎ, లావు అక్షరాలకు స్ట్రాంగ్. వీటిలో స్ట్రాంగ్ తప్ప మిగతావన్నీ సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1991లో ఇచ్చిన మొదటి జాబితాలోనే ఉన్నాయి. అప్పటి ట్యాగులు ఇవాళ్టి ఫోన్లో కూడా మాట వింటున్నాయంటే ముచ్చటేస్తుంది.

ఫైల్లో ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా, స్పేసులు ఎన్ని పెట్టినా బ్రౌజర్‌కు ఒక్క స్పేసుతో సమానం. కొత్త పేరా కావాలంటే పి పెట్టాల్సిందే. పేరాలోనే లైను తెగాలంటే బీఆర్, దానికి మూసే ట్యాగు ఉండదు. అడ్రసులకు, పద్యపాదాలకు బీఆర్ వాడుతున్నా. ఖాళీ జాగా కోసం వరసబెట్టి బీఆర్‌లు కొట్టడం మాత్రం చూడ్డానికే చిరాకు.

టైపింగ్ సంగతి. తెలుగు కొట్టడానికి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్టుతో కామా నొక్కితే కోణం గుర్తు రాదు, ష వస్తుంది. ప్రతి ట్యాగుకూ భాష మారుస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకని ముందు మొత్తం మాటర్ తెలుగులో కొట్టేసి, తర్వాత విండోస్ మీటతో స్పేస్ నొక్కి ఇంగ్లీషులోకి మారి ట్యాగులన్నీ ఒకేసారి దూరుస్తున్నా.

కార్తీకం: చార్‌సెట్

పేజీలో తెర మీద కనబడని పై భాగం హెడ్. అందులో మొట్టమొదటి లైను మెటా చార్‌సెట్, అంటే అక్షరాలను ఏ పద్ధతిలో బైట్లుగా దాచామో చెప్పేది. దాని విలువ యూటీఎఫ్-8. ఇది ఫైల్లో మొదటి 1024 బైట్ల లోపలే రావాలి. తీసేస్తే ఏమవుతుందో చూద్దామని తీసేశా. ఏమీ కాలేదు! ఇంట్లో ఫైలు కాబట్టి బ్రౌజర్ తనంతట తానే ఊహించుకుంది. సర్వర్ మీద పెట్టాక ఆ ఊహ ప్రతిసారీ కుదురుతుందన్న నమ్మకం లేదు. ఈసారి కావాలనే అక్కడ ఇంగ్లీషు లాంటి భాషల పాత పద్ధతి విండోస్-1252 అని రాసి తెరిచా. అప్పుడు వచ్చింది అసలు తమాషా.

తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. 'గుడి' అన్న చిన్న మాటలో గ, కొమ్ము, డ, గుడి కలిసి నాలుగు ముక్కలు, అంటే 12 బైట్లు. తప్పు చార్‌సెట్‌లో అవి విడివిడి గుర్తులుగా పరుచుకుంటాయి. ప్రతి మూడింటిలో మొదటిది ఎప్పుడూ తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'. రెండోది డిగ్రీ గుర్తు గానీ, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు గానీ. అచ్చులు, హల్లులు, సున్న, విసర్గ, దీర్ఘం, గుడి డిగ్రీ కిందికి వస్తాయి. గుడిదీర్ఘం నుంచి మిగతా గుణింతమంతా, పొల్లుతో సహా, రెండో గుర్తు కిందికి. ఇది తెలిశాక ఎవరి పేజీలో అలాంటి గజిబిజి కనిపించినా లోపల ఉన్నది తెలుగేనని, పాడవలేదని ఇట్టే పట్టేస్తున్నా. ప్రశ్నార్థకాలు వరసగా వస్తే మాత్రం ఆశ వదులుకోవాలి, సేవ్ చేసినప్పుడే అక్షరాలు పోయాయన్నమాట. నోట్‌ప్యాడ్ 2019 నుంచి తనే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. పాత విండోస్‌లో మాత్రం సేవ్ యాజ్‌లో చూసి ఎంచుకోవాలి.

హెచ్‌టీఎంఎల్ ట్యాగులోనే లాంగ్ అని పెట్టి విలువ టీఈ అని ఇస్తే పేజీ తెలుగుదని బ్రౌజర్‌కు తెలుస్తుంది. పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు గొంతు ఎంచుకునేది దీన్ని చూసే.

సంక్రాంతి తర్వాత: వంకర అక్షరాలు, తెగిన గీతలు

రాజుల పేర్లకు అక్షరాలను వాల్చే (ఇటాలిక్) ఐ ట్యాగు వేసి పేజీ మా అక్క కూతురుకు పంపించా. వెంటనే ఫోన్ చేసింది. "ఏంది మామా గిది, రుద్రదేవుడు పక్కకు ఒరిగిపోతున్నడు?" నవ్వొచ్చింది గానీ పిల్ల అన్నది నిజమే. తెలుగు అచ్చులో ఇటాలిక్ సంప్రదాయం లేదు, ఫాంట్లలోనూ ఆ రూపం ఉండదు. బ్రౌజర్ మామూలు అక్షరాన్నే పట్టుకుని వంచేస్తుంది. ఐ ట్యాగు అక్కడితో సరి.

లావు అక్షరాల్లోనూ ఒక మెలిక ఉంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లకు విడిగా బోల్డ్ రూపం ఉంది, అందంగా వస్తుంది. అది లేని ఫాంటైతే బ్రౌజర్ తనే గీతలు మందం చేస్తుంది, 'క్ష్మ', 'స్త్ర' లాంటివి సిరా మరకల్లా అవుతాయి. ఒకట్రెండు మాటలకు తప్ప స్ట్రాంగ్ వాడొద్దని నా పద్ధతి. మాటలో సగానికి అసలే వేయొద్దు. హల్లుకూ దాని ఒత్తుకూ మధ్య ట్యాగు పడితే నా బ్రౌజర్లో ఒత్తు విడిపోయి చుక్కల వలయం వచ్చింది.

కింద గీత పెడితే ఒత్తులు తగిలిన చోటల్లా గీత ఆగి మళ్లీ మొదలవుతుంది. 'ఓరుగల్లు' కింద కూడా సాఫీగా పోదు. లింకులకు గీత ఎలాగూ ఉంటుంది కాబట్టి, దాన్ని కాస్త కిందికి దించడానికి టెక్స్ట్ అండర్‌లైన్ ఆఫ్‌సెట్ 0.3 ఈఎం (అక్షరం సైజులో పదింట మూడొంతులు) పెట్టా. లైన్ల మధ్య దూరం మరీ ముఖ్యం. మామూలుగా వదిలేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీదికి వస్తాయి. పేజీలో కనబడేదంతా ఉండే బాడీ ట్యాగులో స్టైల్ రాసి లైన్ హైట్ 1.8 ఇచ్చా. ఈ ఒక్క మార్పుతో మా అమ్మ కళ్లజోడు లేకుండానే పేజీ చదివేసింది.

ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని గుర్తు కావాలి. లేకపోతే 'ఫేస్బుక్' అని ఒత్తు దిగుతుంది. కీబోర్డులో దొరక్కపోతే ఆంపర్‌శాండ్, జడ్‌డబ్ల్యూఎన్‌జే, సెమికోలన్ వరసగా కొడితే చాలు.

ఇప్పుడు: పట్టిక, ఫొటోలు

కట్టడాల పట్టికకు టేబుల్ వాడా. వరసకు టీఆర్, పై గడులకు టీహెచ్, మిగతావాటికి టీడీ. వేయి స్తంభాల గుడి, 1163, రుద్రదేవుడు. పాలంపేట రామప్ప గుడి, 1213, రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు. కంప్యూటర్లో చక్కగా ఉంది, ఫోన్లో పక్కకు జరిపి చూడాల్సి వచ్చింది. కారణం మన మాటల పొడవే. బ్రౌజర్ స్పేసు దగ్గరే లైను తెంపుతుంది, కోటలోని 'స్వయంభూశంభులింగేశ్వరాలయం' ఒక్కటే గడిని సాగదీసేసింది. 'స్వయంభూ' తర్వాత ఒక డబ్ల్యూబీఆర్, 'శంభు' తర్వాత ఇంకొకటి పెట్టా. జాగా చాలకపోతేనే అక్కడ తెగుతుంది, హైఫన్ కూడా పడదు.

మెటా వ్యూపోర్ట్ లైను మర్చిపోవద్దు, విడ్త్ ఈక్వల్స్ డివైస్ విడ్త్ అని. అది లేకపోతే ఫోన్ తనను తాను 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని పేజీని చీమతలకాయంత చేసి చూపిస్తుంది.

ఫొటోల ఫైళ్లకు ఇంగ్లీషు చిన్న అక్షరాల పేర్లే పెడుతున్నా, స్పేసుల్లేకుండా. విండోస్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే గానీ లైనక్స్ సర్వర్‌కు వేరువేరు. ఫొటో బదులు కనబడే మాట రాసే ఆల్ట్‌లో 'ఫొటో' అని వదిలేయకుండా 'ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణం' అని పూర్తిగా రాస్తున్నా, నెట్ అందక ఫొటో రాకపోయినా అక్కడేముందో తెలుస్తుంది.

వరస సంఖ్యల జాబితాకు ఓఎల్ వాడి, లిస్ట్ స్టైల్ టైప్‌లో తెలుగు అని ఇస్తే ౧, ౨, ౩ వస్తాయి. నాకు తెగ నచ్చాయి. మా మేనకోడలు మాత్రం "గివేం అంకెలు మామా, ఒక్కటి సదవరాట్లే" అంది. దారి చెప్పే పేజీలో మామూలు అంకెలకే వచ్చేశా. తోరణాల పేజీలో మాత్రం తెలుగు అంకెలు ఉంచా, అది నా ముచ్చట. ఇక ఘనపురం కోటగుళ్ల ఫొటోలు తీసుకురావాలి, ఎండలు ముదరకముందే.