నేపాల్‌కి కారవాన్: ఈ నెలంతా కాగితాల పనే

లోపలే పడుకుని ప్రయాణించేలా చేయించుకున్న వ్యాన్ మా కారవాన్. దాని బాడీ, మంచాలు ఆమోదం ఉన్న చోటే కట్టించాం. అరలు, పరదాలు నేను బిగించాను. అవి పోయిన నెలకే అయిపోయాయి. బెంగళూరులోని మారతహళ్లి నుంచి బయల్దేరి హైదరాబాద్, నాగ్‌పూర్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటాలని అనుకుంటున్నాం.

ఈ నెల ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇంటిపేరు. పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంది. అనంతపురంలో తీసుకున్న లైసెన్సులో ఒక్క అక్షరమే ఉంది. ఆర్సీలో పేరు తర్వాత వచ్చింది. మనవాళ్లు చూడగానే ఒక్కరేనని తెలుసుకుంటారు. కౌంటర్ అవతల మనిషికి ఆ అలవాటు ఉండదు. "బావా, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే మిగతావన్నీ మార్పించు, ముందు లైసెన్సు" అన్నాడు మా బావమరిది. అదే సరైన వరస. లైసెన్సు సరిచేశాకే విదేశాల్లో బండి నడపడానికి ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అడగాలి, లేకపోతే తప్పు పేరే అందులోకీ ఎక్కుతుంది. నాకు ఇందుకే మూడు వారాలు పట్టింది.

నేపాల్‌కి మన లైసెన్సు చాలు. అయినా తర్వాతి ప్రయాణాల కోసం పర్మిట్‌కి ఫారం 4ఎ పెట్టాను. ఫీజు 1,000 రూపాయలు, గడువు ఒక ఏడాది. అది చేతిలో ఉన్నా అసలు లైసెన్సు వెంట ఉండాల్సిందే.

ఆర్సీలో బండి రకం కూడా చూసుకోండి. మామూలు వ్యాన్ కొని లోపలంతా ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. కారవాన్లు ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్-124 అనే వాహన ప్రమాణం ఉంది. కాగితంలో ఒకటి, కళ్లెదుట ఒకటి ఉంటే సరిహద్దులో వాదించి గెలవలేం. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి అనుమతి లేఖ ముందే తీసుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది మరిచిపోతారు. మన పాలసీ మామూలుగా మన దేశం వరకే. నేపాల్, భూటాన్ లాంటి చోట్లకి భౌగోళిక పరిధి పెంచమని అడిగి, ఆ కాగితం పాలసీకి జతచేయించుకోవాలి.

ఇరాన్ వైపు వెళ్లే కల ఉన్నవాళ్లకి కార్నే అనే కస్టమ్స్ పత్రం కావాలి. ముంబైలోని వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండిని వెళ్లిన దేశంలో అమ్మకుండా తిరిగి తీసుకెళ్తామన్న హామీ అది. ప్రతి దేశంలో లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ ముద్ర పడాలి. బయటి ముద్ర మరిచిపోతే ఆ దేశపు సుంకం మన మెడకి చుట్టుకుంటుంది.

నేపాల్‌కి కార్నే అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు, ఆధార్‌ని నమ్ముకుని వెళ్లొద్దు. సరిహద్దులో బండికి రోజుల లెక్కన భన్సార్, అంటే నేపాల్ కస్టమ్స్ రుసుము, కట్టాలి. వాళ్ల గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది, సాయంత్రం చేరేవాళ్లు గుర్తుంచుకోవాలి.

లెక్క వేశాం: పోఖరా 4 రోజులు, ఖాట్మండు 3, దారికి 3. కొండదారుల్లో మట్టిపెళ్లలు పడి రోడ్డు మూస్తే ఇరుక్కుపోకుండా 12 రోజులకి భన్సార్ కట్టేస్తున్నాం.