మా అమ్మాయికి దక్షిణాది వైపు వచ్చింది

స్కూల్లో డిబేట్. అమెరికా అంతర్యుద్ధం మీద, అంటే బానిసలున్న దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతే ఉత్తరాదితో జరిగిన యుద్ధం మీద. దానికి కారణం బానిసత్వం కాదు, రాష్ట్రాల హక్కులు అని దక్షిణాది తరఫున వాదించమన్నారట. మా అమ్మాయి ససేమిరా అంది. టీచరుతో కాదులెండి, నాతో. గ్రేడ్ పోతుందని నా టెన్షన్ నాది. లాయర్లు అన్నీ నమ్మే వాదిస్తారా, నాలుగు పాయింట్లు చెప్పి కూర్చోవే అని పోరు పెట్టాను. తప్పని తెలిసింది చేయకూడదని రోజూ దానికి నీతులు చెప్పేదీ నేనే.

సరే, పాయింట్లు నేనే వెతికిపెడదామని కూర్చుంటే ఒక్కటీ నిలబడనివ్వలేదు. 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం నా ముందు పెట్టింది. ఉత్తరాదికి పారిపోయినవాళ్ళను పట్టివ్వడానికి అక్కడి మామూలు జనం కూడా సాయపడాల్సిందే. పట్టుబడ్డ మనిషి బానిసేనని తేల్చి పంపేస్తే కమిషనర్‌కి 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5. "మరి అప్పుడు ఉత్తరాది రాష్ట్రాల హక్కులేమయ్యాయమ్మా?" నోరు మూసుకున్నా. లింకన్ ప్రెసిడెంటుగా గెలిచాక, 1860 డిసెంబర్‌లో దేశం నుంచి విడిపోతూ దక్షిణాది రాష్ట్రం సౌత్ కరోలినా రాసుకున్న ఫిర్యాదుల్లో పెద్దది కూడా అదే, పారిపోయినవాళ్ళను ఉత్తరాది అప్పగించడం లేదని.

అది పడుకున్నా నేను చదువుతూనే ఉన్నా. 1820లో మ్యాపు మీద ఓ గీత గీసి, దానికి ఉత్తరాన కొత్త ప్రాంతాల్లో బానిసత్వం వద్దని ఎలాగో సర్దుకున్నారు. 1854లో కాన్సాస్, నెబ్రాస్కా అనే కొత్త ప్రాంతాల కోసం ఆ గీత చెరిపేసి, బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనాన్నే తేల్చుకోమంటే, తేల్చడానికి రెండు వైపుల వాళ్ళూ తుపాకులతో దిగారు. 1856లో, బానిసత్వాన్ని తిట్టాడని ఉత్తరాది సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ని సెనేట్‌లో, ఆయన సీటు దగ్గరే, దక్షిణాది కాంగ్రెస్ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్ర విరిగిపోయేదాకా బాదాడు. దక్షిణాది అభిమానులు అతనికి కొత్త కర్రలు కానుకగా పంపారట! మన అసెంబ్లీల్లో మైకులు విరగడం చూసిన నాకే కాసేపు చదవబుద్ధి కాలేదు. ఆకుల రంగులు చూడ్డానికి హార్పర్స్ ఫెర్రీ వెళ్ళినప్పుడు, 1859లో బానిసల్ని విడిపించాలని అక్కడ ఆయుధాగారం మీద దాడి చేసిన జాన్ బ్రౌన్ పట్టుబడ్డ ఇటుకల గది ముందు మా అమ్మాయి బోర్డు చదువుతుంటే, పులిహోర తినే టైమైందని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది నేనే.

మర్నాడు అన్నం తింటూ అడిగింది. "తాతయ్యవాళ్ళింట్లో పాలేరు ఉండేవాడన్నావుగా, ఆయన పిల్లలు నీతో బడికొచ్చేవాళ్ళా?" ఆయన్ని ఇంట్లో మనిషిలాగే చూసేవాళ్ళమే అన్నా.

"బానిసలతో పని చేయించిన ఆ తోటల ఓనర్లూ అదే అనేవాళ్ళు," అంది పెరుగు కలుపుకుంటూ.

ఒళ్ళు మండింది. జీతం ఇచ్చాం, ఎవరినీ సంతలో పెట్టి అమ్మలేదు, తల్లీపిల్లల్ని విడదీయలేదు, రెండూ ఒకటెలా అవుతాయి? కావు, ఇప్పటికీ అదే అంటాను. ఆయన గ్లాసు మాత్రం దొడ్డివైపు చూరులో దోపి ఉండేదని దానికి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నా. పిల్లలకి మన మూలాలు తెలియాలి, ఊరి కబుర్లు చెప్పండి అని ఇక్కడ కనిపించినవాళ్ళందరికీ సలహాలిస్తుంటాను మళ్ళీ.

వేసవికి ఊరెళ్తున్నాం. ఆయన కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు, ఇది వెళ్ళి అడగకుండా ఉండదు. ముందే నేను చెప్పేయాలా, లేక మా నాన్నకి ఫోన్ చేసి చెప్పి ఉంచాలా, ఉంచితే మాత్రం ఏమని? మా ఆయన్ని అడిగితే, ముందు ఆ డిబేట్ సంగతి తేలనీ అంటారు.